రంగు కింది ముఖం

మా మనవరాలు ఆదివారం పూట ముఖానికి ఏదో పూత వేసుకుని గదిలోకి వచ్చింది. ఫ్యాను గాలికి తడిమట్టి వాసన, దాని వెంట కాస్త పన్నీటి వాసన నా కుర్చీ దాకా వచ్చాయి. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, ఆ డబ్బా ఇటు తెమ్మన్నాను. ‘అన్ని రకాల చర్మాలకూ’ అని రాసి ఉంది దాని మీద. నాకు ఒళ్లు మండింది. అన్ని రకాలకూ ఒకటే మట్టా! నర్సయ్య మామ ఉంటే ఆ డబ్బా తీసుకుపోయి, అమ్మినవాడి ముఖానికే పూసి, ఏమవుతుందో తీరిగ్గా కూచుని చూసేవాడు.

నర్సయ్య మామ నాకు చుట్టం కాదు. నారాయణపేటలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల మగ్గం నేసేవాడు. నేత పని తగ్గిన రోజుల్లో మేమంతా కలిసి భాగోతాలు ఆడేవాళ్లం, ఆ మేళానికి ఆయనే పెద్ద. అది నిజాం జమానా. మా మేళంలో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవాళ్లు. రాణి వేషం మామది. యాభై దాటినా ఆయన తెర తీసుకుని బయటికి వస్తే చూడటానికి మక్తల్ వైపు నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఆయన శిష్యుణ్ణి. ఆయన తర్వాత ఆ వేషం నాకే రావాలని ఆశ.

వేషానికి ముందు ముఖానికి అర్దళం పూసేవాళ్లం. అది పసుపుపచ్చటి రాయి. నూరి పూస్తే దీపాల వెలుగులో ముఖం ధగధగలాడేది. కానీ అది విషం. పుండు మీద పడితే లోపలికి తినేస్తుంది. ఆట అయ్యాక సరిగ్గా కడుక్కోని వేషగాళ్ల ముఖాలు నడివయసుకే మచ్చలు పడి మొద్దుబారేవి. మామ ముఖం మీద మాత్రం ఒక్క మచ్చ ఉండేది కాదు. నువ్వుల నూనెతో రంగు తీసి, శనగపిండితో కడిగి, ఆపైన పూత వేసుకునేవాడు. అది చూసి వాడలో వాళ్లు నవ్వేవారు. "పెండ్లిపిల్ల లెక్క గీ పూతలేందే నర్సయ్యా?" అంటే ఆయన తొణికేవాడు కాదు. "నూలుకు గంజి పెడ్తవు, మగ్గంల నాడెకు నూనె పెడ్తవు. మొకమేం పాపం చేసిందిరా?" అనేవాడు.

ఆట లేని రోజుల్లో పొద్దున్నే మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టేవాడు. ఉత్త నీళ్లతో ముఖం కడుక్కుని, ఏమీ పూయకుండా, ఎండ గోడ మీదికి ఎక్కేదాకా ఊరికే ఉండాలి. అప్పుడు పల్చటి నూలుగుడ్డ పేలిక తెచ్చి ఒక్కొక్కరి ముక్కుకూ చెంపలకూ అద్ది చూసేవాడు. రాజు వేషం కట్టే సాయన్నకు ముక్కు దగ్గర గుడ్డ జిడ్డుతో మెరిసింది, చెంప దగ్గర పొడిగా ఉంది. మామ అతని నుదుటికీ ముక్కుకూ ముల్తానీ మట్టి, చెంపలకు పాలమీగడ పూశాడు. సాయన్న అద్దంలో చూసుకుని గోల పెట్టాడు.

"ఇదేందే, నన్ను సున్నమేసిన గోడ చేసినవ్!"

"నీ మొకంల రెండు ఊర్లున్నయిరా. ఒక ఊర్ల వాన, ఒక ఊర్ల కరువు. నేనేం జెయ్యాలె?"

మట్టి పూసుకున్నాక నవ్వకూడదు, మాట్లాడకూడదు. ఆ మాట చెప్పి మామే మమ్మల్ని నవ్వించేవాడు. ఇంకా కాస్త చెమ్మ ఉండగానే నీళ్లద్ది తీసెయ్యాలి. "ఎండి పగిలేదాక ఉంచితే నీ తోల్ల ఉన్న నీళ్లు గూడ గుంజుకుంటది" అనేవాడు. కొత్త పూత ఏదైనా ముందు చెవి వెనక రాసి, మర్నాడు చూసిగాని ముఖానికి రానిచ్చేవాడు కాదు. కొందరి తోలుకు పసుపు పడదు, కొందరికి పెరుగు పడదు. అలాంటి తోలును ఆయన ‘కోపం తోలు’ అని పిలిచేవాడు. దానికి ఒట్టి పెసరపిండి చాలని ఆయన తీర్పు.

నాది జిడ్డు ముఖం. నాకు ముల్తానీ మట్టిలో పన్నీరు కలిపి ఇచ్చేవాడు. మామది పొడి తోలు. ఆయన మీగడలో గంధం, రెండు చుక్కల నువ్వుల నూనె కలుపుకునేవాడు. నేనేమో ఆయన నడక పట్టాను, మెడ తిప్పడం పట్టాను, చివరికి ఆయన దగ్గు కూడా పట్టాను. పూత ఒక్కటి ఎందుకు వదలాలి అనుకున్నాను. కొత్తకోట దగ్గరి ఒక ఊరి జాతరలో మొదటిసారి రాణి వేషం నాకిస్తానని మామ అన్నాడు. ఆ సంబరంలో రోజూ మీగడ, నూనె పట్టించాను. జాతర దగ్గర పడేసరికి రెండు చెంపలూ చీము పొక్కులతో నిండిపోయాయి.

మామ నా గడ్డం పట్టి వెలుతురుకు తిప్పాడు. ఏం పూశానో చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన నా పక్కనే చతికిలబడ్డాడు.

"నా నడక నేర్చుకున్నవ్, మంచిగుంది. నా పదం నేర్చుకున్నవ్, మంచిగుంది. నా తోలు నీకెట్ల వస్తదిరా పిచ్చోడా?"

అన్ని పూతలూ మాన్పించి, చల్లటి నీళ్లు, కలబంద గుజ్జు తప్ప ముఖానికి ఏదీ తగలనివ్వలేదు. అయినా జాతర నాటికి పొక్కులు మానలేదు. పైగా అక్కడ ఆట పగటిపూట, ఎండలో పొక్కులు దాగవు. రాణి వేషం మళ్లీ మామే కట్టాలని మేళమంతా అన్నది. ఈసారి తప్పితే ఆ వేషం నాకు ఇక రాదని నాకు తెలుసు. ఏడుపు ఆపుకుని, "నేనే కడ్త మామా. అర్దళం మండితే మండనీ" అన్నాను. ఆయన అర్దళం డబ్బా తీసి తన సంచిలో వేసుకున్నాడు.

"నీ మొకం ఒక్క ఆటకు గాదురా. కట్టు. గిట్లనే కట్టు."

ఊరి పటేలు వచ్చి చూసి మొహం చిట్లించాడు. "రంగులేని రాణి ఏందయ్యా? జనం నవ్వరా?"

మామ అప్పటికే చెలికత్తె వేషానికి రంగు పూసుకుని ఉన్నాడు. నూనె సీసా అందుకుని తన ముఖాన ఉన్న రంగంతా తుడవడం మొదలుపెట్టాడు. "ఇయ్యాల మా ఆట గిట్లనే పటేలా. ఎవ్వరికీ రంగు లేదు" అన్నాడు. సాయన్న గొణుగుతూనే తన రంగూ కడుక్కున్నాడు. రంగు లేకుండా ఎన్నడూ ఆటలో జనం ముందుకు రాని మామ, కళ్ల కింది సంచులతో, నుదుటి ముడతలతో ఎండలోకి నడిచాడు.

జనంలో నవ్వులు లేచాయి. అప్పుడు మామ ఆట పాఠంలో లేని మాట ఒకటి అడిగాడు.

"ఏందమ్మా రాణీ, మొకం మీద రంగులన్నీ ఏడ వోయినయి?"

ఆ కథలో రాణి భర్త కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నా నోటి నుంచి నా మాటే వచ్చింది.

"ఏడ్చి ఏడ్చి కడుక్కపోయినయే చెల్లె."

నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మామ నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరవను. ఆట అయ్యాక ఆమె మామ దగ్గరికి వచ్చి, "నువ్వేనా నర్సయ్యా? గింత ముసలోడివైనవా?" అంటే, "నేను గూడ ఇయ్యాల్నే చూసుకున్ననవ్వా" అని నవ్వాడు. ఆ తర్వాత రాణి వేషం ఆయన మళ్లీ కట్టలేదు.

నాకూ తర్వాత శిష్యులు వచ్చారు. అచ్చం నాలాగే మెడ తిప్పేవాణ్ణి చూస్తే సంతోషం కలిగేది, వెంటనే భయమూ వేసేది. అలాంటివాణ్ణి నిలబెట్టి పాఠంలో లేని మాట ఒకటి అడిగేవాణ్ణి. రాణి వేషంలో మామ ఎంత అందంగా ఉండేవాడో చెప్పేవాళ్లు ఆ కాలంలో చాలామంది ఉండేవారు. నాకు మాత్రం ఆయన అనగానే ఎండలో, ముడతలన్నీ కనిపిస్తుండగా, నా పక్కన చెలికత్తెగా నిలబడ్డ ముఖమే గుర్తొస్తుంది. అంత అందమైన ముఖం నేను మళ్లీ చూడలేదు.