రెండోసారి తిరిగొచ్చిన చేప

నలభై ఏళ్లుగా నా మీద ఒక బరువుంది. విన్నాక ఇంతేనా అంటారేమో. ఎవరి ప్రాణమూ పోలేదు. ఎవరి సంసారమూ కూలలేదు. ఒక మనిషి నన్నొక ప్రశ్న అడిగారు, నేను అబద్ధం చెప్పాను. కానీ ఆ అబద్ధాన్ని నమ్మి ఆయన తన మీద తానే ఒక తీర్పు చెప్పుకున్నారు. ఆ తీర్పుతోనే వెళ్లిపోయారు. దాన్ని మార్చగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మార్చలేదు.

ఆయన్ని బాబాయిగారు అని పిలిచేదాన్ని. చుట్టరికమేమీ లేదు. కిందటి నెల పిన్నిగారు, అంటే ఆయన భార్య, కూడా పోయారు. ఆవిడ ఉన్నంతకాలం, ఎప్పుడో ఒకప్పుడు ఆవిడకైనా చెబుతానని నన్ను నేను మభ్యపెట్టుకోవడానికి వీలుండేది. ఇప్పుడు ఆ ఇంట్లో చెప్పడానికి ఎవరూ లేరు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే కాస్త ధైర్యం.

డెబ్బైల చివర్లో నేను విస్కాన్సిన్‌లో ఒక కాగితం మిల్లున్న ఊరికి వచ్చాను. ఆ మిల్లు ల్యాబ్‌లో ఉద్యోగం. మావారు వేరే రాష్ట్రంలో పీహెచ్‌డీ పూర్తి చేస్తున్నారు, నెలకోసారి వచ్చి వెళ్లేవారు. బాబాయిగారు ఆ ల్యాబ్‌కి పెద్ద. ఆకివీడు దగ్గర, కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషి. నేను చేరిన వారంలోనే పిన్నిగారు ఇంటికి పిలిచి అన్నం పెట్టారు. ఆ తర్వాత పిలవడం మానేశారు, ఎందుకంటే పిలవకపోయినా వెళ్లడం నాకు అలవాటైపోయింది.

మంచు మీద కారు నడపడం ఆయనే నేర్పారు. ఆదివారం ఖాళీగా ఉన్న పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్లి, కారు జారినప్పుడల్లా నేను బ్రేక్ తొక్కి కేకేస్తుంటే, "అరిస్తే ఆగడానికి అది మీ ఆయన కాదమ్మాయ్, కారు! కాలు తియ్యి, చక్రం తిప్పు," అనేవారు. లైబ్రరీ కార్డు, ఇన్సూరెన్సు కాగితాలు, చలికి చేతులు పగలకుండా ఏం రాసుకోవాలో, అన్నీ ఆయనే చెప్పారు. ఆ దేశంలో నాకు తెలిసిన ప్రతిదానికీ ముందు ఆయన వేలు చూపించిన గుర్తు ఉండేది. ఈ మాట గుర్తుంచుకోండి. నా తప్పు ఇక్కడే మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.

మాకు దగ్గరలోనే విన్నెబేగో అనే పెద్ద సరస్సుంది. ఫిబ్రవరిలో అది కార్లు నడిచేంత గట్టిగా గడ్డకడుతుంది. ఆ రోజుల్లో అక్కడ స్టర్జన్ అనే చేప కోసం జనం మంచు మీద చేరతారు. గాలం వెయ్యరు. మంచులో తలుపంత చదరం కోసి, దాని మీద కిటికీల్లేని చిన్న షెడ్డు పెట్టి, లోపల చీకట్లో కూర్చుని నీళ్లలోకి చూస్తారు. చేప కిందనుంచి వెళ్తే బల్లెం వెయ్యాలి. ఒక మనిషికి ఏడాదికి ఒక్క చేపే. చాలామందికి అదీ దొరకదు. ఇరవయ్యేళ్లు కూర్చుని ఒక్కదాన్నీ చూడని వాళ్లున్నారు, దాన్ని వాళ్లు గొప్పగానే చెప్పుకుంటారు.

చేప వచ్చేది అడుగు పట్టుకుని. బురద రంగూ దాని రంగూ ఒకటే. అందుకని అడుగున తెల్లగా ఏదైనా పరుస్తారు, నీడ కదిలితే తెలిసేందుకు. మా ఊళ్లో ఉన్న నాలుగు తెలుగు ఇళ్లవాళ్లూ చలికాలమంతా గుడ్డు పెంకులు కవర్లలో దాచి బాబాయిగారికి ఇచ్చేవాళ్లు. మా ఇంట్లో గుడ్లు వండం. నేను బంగాళాదుంప చెక్కలు కోసి తీసుకెళ్తే, "మడి కట్టుకున్న చేప వస్తే నీ దుంపల మీదే ఆగుద్దిలే," అని ఏడిపించేవారు.

అందరి షెడ్లూ ఒక చోట గుంపుగా, ఊరిలా ఉండేవి. ఆయనది మాత్రం దూరంగా, ఒంటరిగా. అడుగు బురద తీయించి, అందులో ఎర్ర పురుగులు ఎంత ఉన్నాయో చూసి, ఆ పురుగుల కోసం చేప ఎటునుంచి వచ్చి ఎటు పోవాలో తనే ఆలోచించుకుని ఎంచుకున్న చోటు అది. చిన్నప్పుడు కొల్లేట్లో నీటి రంగు చూసి చేప జాడ చెప్పేవారట. ఎదురింటి పాల రైతు ఏటా తన ట్రక్కుతో ఆ షెడ్డు లాక్కొచ్చి పెట్టి, "నువ్విక్కడ పట్టేది చేపని కాదు, జలుబుని," అని నవ్వి వెళ్లేవాడు. బాబాయిగారూ నవ్వేవారు. షెడ్డు మాత్రం జరిపేవారు కాదు. అలా ఏడు చలికాలాలు. ఒక్క చేపా రాలేదు.

ఎనిమిదో చలికాలానికి ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగు మెట్లెక్కితే ఆగాలి. పిన్నిగారు ఈసారి వద్దన్నారు. ఆయన వినలేదు. చివరికి ఆవిడ నాకు ఫోన్ చేశారు. "ఒక్కరోజు నువ్వు కూడా వెళ్తానంటే పంపిస్తానమ్మా. ఆయన కళ్లు కూడా ఇదివరకట్లా లేవు. నువ్వు చూస్తూ ఉండు," అన్నారు.

చూస్తూ ఉండు. నాకు అప్పగించిన పని అదొక్కటే.

పొద్దున్నే వెళ్లాం. బయట కళ్లు చెదిరే ఎండ, లోపల తలుపేస్తే చీకటి. వెలుగంతా నీళ్లలోంచే పైకి వచ్చేది, ఆకుపచ్చగా. అడుగున పెంకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. తాడుకి కట్టిన చెక్క చేప నీళ్లలో మెల్లగా తిరుగుతోంది. అది ఆయనే చెక్కారు. చేపకి ఎర కాదు, ఏమిటా అని చూడ్డానికి వస్తుందని. బల్లెం ఆయన కుడిచేతి పక్కన మేకుకి ఆనించి ఉంది.

అరగంట ఆయన, అరగంట నేను, వంతులేసుకుని చూడాలి. అంతకన్నా ఎక్కువసేపు చూస్తే లేనివి కనిపిస్తాయట. చూడని వాళ్లు కళ్లు మూసుకుని విశ్రాంతి తీసుకోవాలి. మాట్లాడకూడదు. ఏదైనా కనిపిస్తే పక్కవాళ్ల చేతి మీద వేలితో తట్టాలి. "ఒక్కసారి తడితే చాలమ్మాయ్. మిగతాది నేను చూసుకుంటాను," అన్నారు. పిన్నిగారు కట్టిచ్చిన పెరుగన్నం తిన్నాం. ఆ తర్వాత నా వంతు. ఆయన గోడకి తల ఆనించి కళ్లు మూసుకున్నారు. శ్వాస సన్నగా ఈల వేస్తున్నట్టుంది. కుడిచేతి తొడుగు తీసేసి చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నారు, నేను తట్టడానికి వీలుగా.

ముందు పెంకులు మాయమయ్యాయి. ఒక పక్కనుంచి ఒక్కొక్కటే. నాకు అర్థం కాలేదు. అప్పుడు ముక్కు కనిపించింది, కింద నాలుగు మీసాలు. ఆ తర్వాత వీపు మీద ఎముక పలకల వరస. అది వెళ్తూనే ఉంది, అయిపోవడం లేదు. నా అంత పొడవుంటుంది. తోక దాటాక పెంకులు మళ్లీ తెల్లగా కనిపించాయి.

నేను కదల్లేదు. దీన్ని నేను క్షమించుకోగలను. అటువంటిది జన్మలో చూడనిదాన్ని, చెయ్యి ఆడలేదు అనుకోవచ్చు.

కానీ అది తిరిగొచ్చింది. ఈసారి పైకి, చెక్క చేప దగ్గరికి. నిదానంగా. దాని కన్ను కనిపించింది. ఆయన చెయ్యి నా చేతికి జానెడు దూరంలో ఉంది. నాకు బాగా గుర్తు, నేను ఆ చెయ్యి వంక చూశాను. చూసి, మళ్లీ నీళ్లలోకి చూశాను. తట్టలేదు.

ఎందుకు? జాలి అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. శాకాహారుల ఇంట్లో పుట్టినదాన్ని, చంపడం చూడలేకపోయానని. మీరు నమ్ముతారేమో గానీ నేను నమ్మలేను. అప్పటికి రెండేళ్లుగా, మావారికి తెలియకుండా, పిన్నిగారి చేపల పులుసు తింటున్నాను. తల ముక్క నాకే వేసేవారు. జాలి కాదు. ఆ చేపని నేనొక్కదాన్నే చూడాలనుకున్నాను. ఎవరూ చూపించకుండా, ఎవరూ చెప్పకుండా, ఆ దేశంలో నాకై నేను చూసిన మొదటిది అనిపించింది. తడితే అది ఆయనదైపోతుంది. ఆయన వివరంగా చెబుతారు, నేను నేర్చుకుంటాను. ఆ ఒక్క నిమిషం నాకు నేర్చుకోవాలని లేదు. ఇది ఆ క్షణంలో ఇంత స్పష్టంగా తెలుసా అంటే, తెలియదు. కానీ చెయ్యిని చూశాను కదా. చూసి ఊరుకున్నాను కదా. తెలియకపోవడమంటే ఏమిటి మరి?

అది వెళ్లిపోయింది. కాసేపటికి ఆయన కళ్లు తెరిచారు.

"ఏవమ్మాయ్, ఏవన్నా కదిలిందా?"

"లేదండీ."

"చిన్న నీడన్నా?"

"లేదు బాబాయిగారూ. ఏమీ రాలేదు."

"నీ కళ్లు మంచివి. నువ్వు రాలేదన్నావంటే రాలేదంతే."

సాయంత్రం దాకా కూర్చున్నాం. మళ్లీ రాలేదు. తిరిగొచ్చేటప్పుడు కారు నేనే నడిపాను. ఒడ్డెక్కాక ఆయన అన్నారు, "చోటే తప్పమ్మాయ్. అన్నీ సరిగ్గానే ఆలోచించాను గానీ మొదట్లోనే ఎక్కడో పొరపడ్డాను. అందరూ చెబుతూనే ఉన్నారు, నేనే వినలేదు." నేను రోడ్డు చూస్తూ నడిపాను. ఆ మాట తర్వాత ఇంటికి ఇరవై నిమిషాల దారి ఉంది. ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ సమయం. నోరు తెరవలేదు.

సీజన్‌లో ఇంకా రోజులున్నా ఆయన మళ్లీ వెళ్లలేదు. షెడ్డు పాల రైతుకి ఇచ్చేశారు. అతన్ని కూర్చోబెట్టి, "నా చోట మాత్రం పెట్టొద్దు. నీ కాలం కూడా వృథా అవుతుంది," అని మరీ మరీ చెప్పారు. అతను పెట్టలేదు. ఆ చోట మళ్లీ ఎవరూ మంచు కొయ్యలేదు.

వసంతంలో ఆయన రిటైరయ్యారు. మిల్లు క్యాంటీన్‌లో చిన్న పార్టీ. లేచి నిలబడి, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ, అందరితో చెప్పారు: తాను ఎనిమిదేళ్లు తప్పు చోట కూర్చుని దానికి ఓపిక అని పేరు పెట్టుకున్నానని, అందుకని ల్యాబ్‌లో పిల్లలు లెక్క తప్పొస్తే పట్టుబట్టకుండా మొదటినుంచి చూసుకోవాలని. అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. నేను కూడా నవ్వాను. నేను కూడా కొట్టాను.

అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? ఆయన అంత హుందాగా ఒప్పుకున్నాక ఇప్పుడు చెబితే ఆయన్ని చిన్నబుచ్చినట్టవుతుంది అనుకున్నాను. ఎంత నీటైన సాకు. నిజానికి నేను చిన్నబోతానని భయం. ఆసుపత్రిలో కూడా చెప్పలేదు. అక్కడ ఇంకో సాకు దొరికింది, జబ్బుమనిషి అని. ఆ శరదృతువులో, ఆకులు పూర్తిగా రాలకముందే, ఆయన పోయారు.

ఆ తర్వాత చాలా ఏళ్లకి ఆ ల్యాబ్‌కి నేనే పెద్దనయ్యాను. నా కింద పనిచేసినవాళ్లు నన్ను మంచి మనిషని అనేవారు, తప్పు చేస్తే కప్పిపుచ్చదు, నలుగురిలో ఒప్పుకుంటుంది అని. అది నిజమే. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. తప్పు ఎలా ఒప్పుకోవాలో నాకు తెలిసింది, ఆయన తను చెయ్యని తప్పుని ఒప్పుకుంటుంటే చూసి. దీన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. సిగ్గుపడాలా, దణ్ణం పెట్టుకోవాలా? రెండూ చేశాను. ఒకదానివల్ల ఇంకోటి తగ్గలేదు.

నిజం చెప్పాలంటే ఆయన్ని తలుచుకుంటే నాకు ఎక్కువగా కలిగేది బాధ కాదు. కృతజ్ఞత. ఒంటరిగా వచ్చినదానికి అన్నం పెట్టిన ఇల్లు, నడక నేర్పిన మనిషి. ఆ చేపని తలుచుకున్నా అంతే. నాకై నేను చూశాననుకున్నానే, ఆ చోటు వెతికిందెవరు? మంచు కోయించిందెవరు? పెంకులు పరిచిందెవరు? నేను చేసింది కళ్లు తెరిచి కూర్చోవడమొక్కటే. చూపించినది అప్పుడూ ఆయనే. ఇది అర్థం కావడానికి నాకు అరవై దాటాలా?

క్షమించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు. మీరు క్షమించినా అది ఆయన క్షమించినట్టు కాదు, దయచేసి ఆ పని చేయకండి. పిన్నిగారి పదమూడో రోజయ్యాక, ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని, పొయ్యి మీద పాలు పెట్టుకుని, చెప్పాల్సిన మాట ఒకసారి పైకే అన్నాను. "బాబాయిగారూ, చేప వచ్చింది. రెండుసార్లు. మీ చోటు సరైనదే. నేను చూసి మిమ్మల్ని తట్టలేదు." మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదటినుంచి అన్నాను. పాలు పొంగుతుంటే లేచి మంట తగ్గించాను.