రెండో రోజు పాకం

మా ముత్తాతగారు గోదావరి జిల్లాలో ఒక చిన్న సంస్థానానికి దివాను. ఆయన వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. మా తాతగారు తాలూకా బోర్డుకు అధ్యక్షులుగా చేశారు. కలెక్టరు క్యాంపుకొస్తే బస మా ఇంట్లోనే. మా నాన్నగారు సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యారు. నేను జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న ఎష్‌బోర్న్‌లో, బ్లూ కార్డు వీసా మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేశాను. ఇలా వరసగా రాస్తే దిగుడుమెట్లలా కనిపిస్తుంది. మా ఇంట్లో ఎవరూ అలా చెప్పుకోలేదు. వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుని, వచ్చినవారికి మంచి కాఫీ ఇవ్వగలిగినంతకాలం మేము మేమేనని నాన్నగారి నమ్మకం. నాదీ అదే.

కాఫీ విషయంలో మా ఇంటికి ఒక పద్ధతి ఉంది. అతిథి చేతికి చెంచా ఇవ్వరు. పంచదార మీరే కలుపుకోండని ముందు పెట్టడం హోటలు మర్యాద అనేది మా నానమ్మ. తాగాక గ్లాసు అడుగున కరగని పంచదార కనిపిస్తే ఆవిడ ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు. అందుకని మా వంటింట్లో పంచదారని ముందే పాకం పట్టి ఉంచేవారు. గ్లాసు పంచదారకి గ్లాసు నీళ్లు, దంచిన ఏలకులు, గోరంత జాజికాయ. వేలికి జిగురు తగలగానే, తీగ రాకముందే దించాలి. చల్లారాక వడగట్టి వెండి కూజాలో పోసేవారు. డికాక్షనూ పాలూ కలిపాక కూజా వంచి సన్నటి ధారగా పోసి, ఒక్కసారి తిరగబోసి, నురుగుతో చేతికిచ్చేవారు. వెండిలో ఉన్న పాకం చెడదని నానమ్మ అంటుండేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి, ఎవరో ప్లీడరుగారు వచ్చినప్పుడు, ఆ కూజా నా చేతికిచ్చి పోయించింది. దాని మెడ చుట్టూ చెక్కిన హంసలు నా వేళ్లకి తగలడం ఇప్పటికీ గుర్తుంది.

ఎష్‌బోర్న్‌లో మా ఆఫీసు నాలుగో అంతస్తులో ఉండేది. అక్కడి వంటగదిలో మీట నొక్కితే గింజలు మరపట్టి కాఫీ పోసే యంత్రం, దాని పక్కన దుకాణంలో కొన్న వెనిల్లా, హేజల్‌నట్ సిరప్పు సీసాలు, ఒక గాజు మగ్గు నిండా చెంచాలు. బయటినుంచి క్లయింట్లు వచ్చినా అంతే. ఎవరి కప్పు వాళ్లు పట్టుకుని, ఎవరి చెంచా వాళ్లు తిప్పుకునేవారు. నెల రోజులు చూశాను. తర్వాత ఒక ఆదివారం నా గదిలో పాకం కాచాను.

మొదట్లో కుదరలేదు. అక్కడి కరెంటు పొయ్యి ఆపాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది. సరైన పదునులో ఆపినా పాకం అక్కడే ముదిరిపోయి, మర్నాటికి సీసాలో పటికబెల్లంలా గడ్డకట్టేది. రెండు మూడుసార్లు అలా అయ్యాక, బాగా లేతగా ఉన్నప్పుడే గిన్నె దించి పక్కన పెట్టడం అలవాటు చేసుకున్నాను. మూతకి తీగ బిగింపు ఉన్న గాజు సీసా ఒకటి కొన్నాను. రెండు వారాలకోసారి, సోమవారం పొద్దున్నే, ఆ సీసా ఆఫీసు వంటగదిలో కిటికీ పక్కన పెట్టేవాణ్ని. మా బృందంలో ఎవరికైనా, వచ్చిన క్లయింటుకైనా, నేనే లేచి వెళ్లి పాకం పోసి ఇచ్చేవాణ్ని. పోస్తూ నానమ్మ గురించి రెండు మాటలు చెప్పేవాణ్ని. అందరూ శ్రద్ధగా వినేవారు.

అందరికంటే శ్రద్ధగా విన్నది మా బృందంలోనే ఉన్న ఒక వరంగల్ అబ్బాయి. లైప్‌జిగ్‌లో ఎంఎస్ చదివి, ఉద్యోగం దొరికి మా దగ్గరికి వచ్చాడు. నాకంటే పదేళ్లు చిన్న. అతనికి ఇల్లు దొరికేదాకా మూడు నెలలు నా గదిలోనే ఉంచుకున్నాను. అన్‌మెల్డుంగ్, అంటే ఊళ్లో ఉంటున్నట్టు అక్కడి ఆఫీసులో చేసుకునే నమోదు, కూడా నా అడ్రసు మీదే చేయించాను. నేను పాకం కాస్తుంటే పక్కన నిలబడి ఏలకులు దంచిపెట్టేవాడు. ఈ పాకం బయటివాళ్లలో ఎవరికైనా నేర్పానంటే అతనికే.

అతను వచ్చిన ఏడాది వేసవిలో ఒకరోజు ఆఫీసు వంటగదిలో నన్నడిగాడు.

"అన్నా, సీసా ఫ్రిజ్‌ల పెడ్దామా? ఎండలు కొడ్తున్నయ్, ఖరాబైతదేమో."

"మా పాకం చెడదు," అన్నాను. "చల్లటి పాకం పోస్తే కాఫీ చల్లారుతుంది. చల్లారిన కాఫీ మనం ఎవరికీ ఇవ్వం."

"సరే అన్నా. దివాన్ గారి హుకుం," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. అన్నది అతను కాబట్టి నవ్వాను.

ఆ వేసవి నుంచే నేను ఒకటి గమనించాను. సోమవారం కంటే మంగళవారం పాకం రుచిగా ఉండేది. వాసన నిండుగా, తీపి గుండ్రంగా ఉండేది. ఏలకుల సారం దిగడానికి ఒక రాత్రి పడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అందరికీ కూడా చెప్పాను. ముఖ్యమైన క్లయింట్లు వచ్చే పని ఉంటే మంగళవారం తర్వాతే పెట్టుకుందామని మా టీమ్ లీడ్‌తో అన్నాను. ఆవిడ జర్మన్, ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం ఏదో అనబోయి, సరేనంది.

మరుసటి ఏడాది ఆగస్టులో ఆ అబ్బాయి పెళ్లికని మూడు వారాల సెలవు మీద హైదరాబాద్ వెళ్లాడు. నేనే ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాను. ఆ సోమవారం ఎప్పటిలాగే కొత్త పాకం పెట్టాను. అది గడిచి మరో సోమవారం, క్లయింటు వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. తెల్లజుట్టు, కోటు, నెమ్మదైన మాట. కూర్చోమని, కాఫీ నేను తెస్తానని చెప్పి, వంటగదిలోకి వెళ్లి సీసా మూత తీశాను. సోడా కొట్టినట్టు శబ్దమైంది. నురుగు పొంగి నా చేతి మీదుగా కారింది. తుడుచుకుని, చల్లటి చోటినుంచి ఎండలోకి వచ్చి పొంగిందనుకున్నాను. అలా ఎందుకు అనుకున్నానో తెలియదు, ఆ సీసా కిటికీ దగ్గరనుంచి కదిలింది లేదు. ధారగా పోసి కప్పు తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను, చెంచా లేకుండా.

ఆయన ఒక గుక్క తాగి, మర్యాదగా కప్పు కింద పెట్టారు. మళ్లీ ముట్టుకోలేదు. చూస్తే పాలు విరిగి తెల్లటి తునకలు తేలుతున్నాయి.

ఆయన వెళ్లాక మా టీమ్ లీడ్ వంటగదిలోకి వచ్చింది. నేను సీసా వాసన చూస్తున్నాను. పుల్లటి కల్లు వాసన.

"అతను లేడు కదా," అంది. "అతనుంటే మార్చేవాడు."

"ఏం మార్చేవాడు?"

"సిరప్పు. మీరు తెచ్చిన రోజు సాయంత్రమే దీన్ని పారబోసి దుకాణం వెనిల్లా పోస్తాడు. ఏదో గింజ దంచి వేస్తాడు. నేను పోయిన వేసవిలో మీ సిరప్పు తాగి జబ్బుపడ్డాను కదా, అప్పటినుంచి."

"ఇది ఎవరికి తెలుసు?"

ఆవిడ ఆలోచించి, అబద్ధం చెప్పడం చేతకాని ముఖంతో, "అందరికీ," అంది.

సీసా కడిగి, తుడిచి, నా సంచీలో పెట్టుకున్నాను. ఆ రోజు పని పూర్తిచేసే ఇంటికి వెళ్లాను.

ఆ అబ్బాయి తిరిగి వచ్చిన రోజు వంటగదిలో సకినాల డబ్బా తెరిచి అందరికీ పంచుతున్నాడు. మిగతావాళ్లు వెళ్లేదాకా ఆగాను.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

అతను కిటికీ వైపు చూశాడు. సీసా లేదు. అర్థం కానట్టు నటించలేదు, అది మాత్రం చెప్పాలి.

"పోయిన ఎండకాలం నుంచి అన్నా."

"ప్రతి సీసా?"

"ప్రతి సీసా. సోమారం నువ్వు ఇంటికి వోయినంక మార్చెటోన్ని. రెండు యాలకులు దంచి ఏస్తుంటి."

"నాది ఎక్కడ పోసేవాడివి?"

"సింకుల. ఇంకేడ పోస్త?"

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్దామనే వచ్చిన అన్నా. మేడం వాంతులు చేస్కొని ఇంటికి వోయిన రోజు నీ టేబుల్ కాడికొచ్చి నిలవడ్డ. నువ్వు ఫోన్ల ఎవలికో మీ నానమ్మ ముచ్చట చెప్తున్నవ్. నోరు రాలే."

"అందరూ కలిసి నవ్వుకున్నారన్నమాట."

"నేనైతే నవ్వలే." సకినం ఒకటి విరిచి, తినకుండా డబ్బాలోనే పెట్టాడు. "ఒక్క మాట అంటే కోపానికి రాకు అన్నా. రెండో రోజుదే మంచిగుంటదని నువ్వే అంటివి. రోజూ తాగి, మంచి కుదిరిందని నువ్వే అంటివి. నాకేమనిపిచ్చిందంటే, నీగ్గూడ ఎరికేనేమో, ఎరికుండే ఊకున్నవేమో అని."

  తెలిసే ఊరుకున్నానో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. దుకాణం సిరప్పు తాగి, అందులో మా నానమ్మ చెయ్యి ఉందని పదిమందికీ చెప్పాను. అతను నన్ను వెక్కిరించి ఉంటే మర్చిపోయేవాణ్నేమో. అతను నా మీద జాలిపడ్డాడు. ఏడాది పైన, ఒక్క సీసా తప్పకుండా, నా కాఫీ తాగుతూ, నా కథ వింటూ జాలిపడ్డాడు. మా ఇంటివాళ్లు జాలిపడేవారే తప్ప, తమ మీద ఎవరినీ పడనివ్వలేదు. నా గదిలో పడుకున్నవాడు, నా పక్కన నిలబడి ఏలకులు దంచినవాడు ఆ పని చేశాడు. ఆ రోజు తర్వాత అతనితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. సకినాలు ముట్టలేదు.

పాకం మాత్రం వదలదలచుకోలేదు. తప్పు నాది కాదు, గాజు సీసాదని తోచింది. వెండిలో ఉంటే చెడదని నానమ్మ ఊరికే అనలేదు కదా. ఆవిడ పోయాక కూజా మా మేనత్త దగ్గరికి చేరింది. ఆ శనివారం కాకినాడకు ఫోన్ చేశాను.

"అత్తయ్యా, నానమ్మ పాకం కూజా నీ దగ్గరే ఉంది కదా. ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపిస్తావా?"

"దాన్నేం చేసుకుంటావురా అక్కడ?"

చెప్పాను. పులిసిన సంగతి వరకే చెప్పాను.

"పిచ్చి సన్నాసీ, మన పాకం చెడకపోవడం వెండి వల్లనుకున్నావా? పొద్దున కాచింది సాయంత్రానికి మిగిలేదా అసలు, ఆ వచ్చే జనానికి? నిలవుంటే ఎవరిదైనా పులుస్తుంది."

"అయినా ఫరవాలేదు. కూజా పంపించు."

 

"అది వెండి కాదురా."

"నా చేత్తో పోశాను అత్తయ్యా. హంసలు కూడా గుర్తున్నాయి."

"హంసలు ఉన్నాయి. ఇత్తడి మీద పూత నాయనా. అచ్చం పాతదానిలాగే ఉండాలని మా అమ్మే, అదే మీ నానమ్మే, దగ్గర కూర్చుని చేయించింది. ఇంట్లో అందరికీ తెలుసు. నీకు చెప్పి ఏం లాభంలే అని ఊరుకున్నాం."

ఇంకేమీ అడగకుండా ఫోన్ పెట్టేశాను. తర్వాత ఉత్తరంలో అడిగితే మిగతాది రాసింది. హంసల వెండి కూజా, పన్నెండు వెండి గ్లాసులు, ఒక పన్నీరు బుడ్డి, నేను పుట్టడానికి రెండేళ్ల ముందు కాకినాడలో ఒక వెండి కొట్లో తూకానికి అమ్మేశారు.