శవం ఊపిరి తీసుకుంది

నా చిన్నప్పుడు, మా వాడకట్టులో ఎవరూ మెచ్చని పని ఒకటి మా మేనత్త ప్రతి ఆదివారం మధ్యాహ్నం చేసేది. గోదావరిఖని బజారులో రేకుల షెడ్డు కింద నడిచే వీడియో హాలుకు వెళ్లి హత్యల సినిమా చూసి వచ్చేది. ముఖానికి ముసుగు, చేతిలో గొడ్డలి, అడవిలో ఒంటరి ఇల్లు, ఒకరి వెనక ఒకరు చచ్చిపోయే కుర్రకారు. ఏ దేశంలో తీశారో, అది ఏ భాషో కూడా తెలిసేది కాదు. అరిగిపోయిన టేపులో బొమ్మ కంటే గీతలే ఎక్కువ కనిపించేవి. ఆ హాల్లో ఆమె తప్ప మరో ఆడమనిషి ఉండేది కాదు.

ఆమె మా నాన్నకు చెల్లెలు. ఆమె భర్త బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ తర్వాత మా క్వార్టర్లోనే ఉంటూ, బాయి దగ్గర క్యాంటీన్‌లో పనిచేసేది. భర్త పోయిన మనిషికి నెత్తుటి సినిమాలేమిటని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కునేవారు. ఆమెకు అది వినిపించేది. వింటూనే, మంచి చీర కట్టుకుని వాళ్ల ముందు నుంచే నడిచి వెళ్లేది.

అప్పుడు నాకు పదేళ్లు. మేనత్త భర్త పోయినప్పటి నుంచి, నాన్న డ్యూటీకి వెళ్తే నేను గుమ్మం దగ్గరే కూర్చునేదాన్ని. ఆయన షిఫ్టు దిగి ఇంటికి వచ్చేదాకా అన్నం ముట్టేదాన్ని కాదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మేనత్త కనిపెట్టింది. ఒక ఆదివారం నా చెయ్యి పట్టుకుని, "నడువు బిడ్డా, భయం ఎట్లుంటదో సూసొద్దాం" అంది.

మొదటి గొడ్డలి వేటుకే నేను ఆమె ఒళ్లో తల దాచుకున్నాను. ఆమె హాలు నడిపే అతనితో, "తమ్మీ, జర వెనక్కి తిప్పు" అంది. జనం గొణిగారు గానీ, రోజూ తమకు చాయ్ పోసే మనిషితో ఎవరూ పెట్టుకోలేదు. టేపు వెనక్కి వెళ్లింది.

"గొడ్డలి సూడకు. కిందపడ్డోని పొట్ట సూడు."

చూశాను. నరికేసిన మనిషి పొట్ట మెల్లగా లేస్తోంది, దిగుతోంది. శవం ఊపిరి తీసుకుంటోంది. నాకు నవ్వు ఆగలేదు. నాతో పాటు ముందు వరుసల వాళ్లూ నవ్వారు. విచిత్రమేమిటంటే, పావుగంటకే మళ్లీ భయపడ్డాను. అబద్ధమని తెలిసి భయపడటంలో ఒక రుచి ఉందని అప్పుడే తెలిసింది. చివరికి ఒక్క పిల్ల మిగిలింది. కుంటుకుంటూ ఆ ఇంట్లోంచి వెలుతురులోకి వచ్చింది. బాయి పనివాళ్లందరూ ఆ పిల్ల కోసం ఈలలు వేశారు. మేనత్త ఈల వేయలేదు. నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుని, తెరనే చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి మంథని నుంచి మా మేనమామ వచ్చి ఉన్నాడు. బడిపంతులు. ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు.

"ఆడపిల్లను గీ నరుకుడు సినిమాలకు తీస్కపోతవా? ఏం నేర్సుకుంటది?" అన్నాడు.

మేనత్త చెప్పులు విప్పి, నిదానంగా జవాబిచ్చింది. "బాయిల కప్పు కూలేముందు ఎవ్వరు సంగీతం కొట్టలె బావా. గీ సినిమాల భయం చెప్పి వస్తది. రెండు గంటలల్ల అయిపోతది. లేసి ఇంటికొస్తం. గది తప్పయితే, గా తప్పు నేను మల్ల చేస్త."

మేనమామ నా వైపు తిరిగి, ఇంకెప్పుడూ వెళ్లనని ఒట్టు వేయమన్నాడు. నేను మేనత్త పక్కకు వెళ్లి నిలబడ్డాను. "నేను గూడ పోత మామా" అన్నాను.

నాన్న మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మేనత్త భర్తను బాయిలోంచి పైకి మోసుకొచ్చింది నాన్నే. ఆ రోజు గురించి అన్నాచెల్లెళ్లు ఒక్కసారైనా మాట్లాడుకోగా నేను వినలేదు. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "వచ్చే ఐతారం నేను గూడ వస్త చెల్లె" అన్నాడు.

మేనమామ చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ రావడానికి నెలలు పట్టింది. ఆ వచ్చే ఆదివారం ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. గొడ్డలి లేవగానే నాన్న కళ్లు మూసుకున్నాడు. మేనత్త ఆయన భుజం మీద చెయ్యి వేసింది. మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లాడు. నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. భయం పోలేదు. కానీ ఆ రోజు అన్నం తిన్నాను.

ఇప్పుడు మా కోడలు, "గీ వయసుల గీ చవకబారు సినిమాలేంది అత్తమ్మా" అంటుంది. చవకబారే. గొడ్డలి చెక్కదే, నెత్తురు రంగునీళ్లే. అయినా చూస్తాను, తలుపు వేసుకోకుండానే చూస్తాను. మొన్న దవాఖానలో ఆపరేషన్‌కు ముందు, సూది గుచ్చుతూ నర్సు అటు తిరగమంది. "నేను ఇటే సూస్త బిడ్డా, నువ్వు గుచ్చు" అన్నాను. గుండె దడదడలాడింది. ఆడితే ఆడనీ అనుకున్నాను.