మార్పులేవీ చేయలేదు

లిఫ్టు ఎక్కేముందు అతను కుడికాలు మాత్రమే లోపల పెడతాడు. రెండుసార్లు గట్టిగా అదుముతాడు. ఆగుతాడు. ఆ తర్వాతే రెండో కాలు లోపలికి తీసుకుంటాడు.

తను మరమ్మతు చేసే లిఫ్టుల్లోనే కాదు, బట్టల దుకాణంలో, బ్యాంకులో, బంధువుల అపార్ట్‌మెంటులో, ఎక్కడైనా ఇంతే. వెనక జనం నిలబడి ఉంటారు. "ఒక్క నిమిషం" అంటాడు. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టు మెకానిక్కు. కంపెనీలో అందరూ అతన్ని ఒక్కనిమిషం అనే పిలుస్తారు. "ఒక్కనిమిషం ఇవాళ సెలవు" అని ఫోనులో చెబితే కొత్తవాళ్ళు తికమకపడతారు.

"మీతో బజారుకి వస్తే నాకు మెట్లే నయం" అంటుంది భార్య.

అలాగని పిరికివాడు కాడు. పదో అంతస్తు ఎత్తున, లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి, గ్రీజు పట్టిన ఇనుప తాళ్ళను వేళ్ళతో తడిమి తెగిన పోగులు లెక్కపెట్టే మనిషి. భయం అతనికి స్పానరు లాంటిది. పనికి వెళ్ళేటప్పుడు సంచీలో వేసుకుంటాడు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక పాత భవనంలో బ్రేకు జారింది. అతను పెట్టె పైన ఉన్నాడు. సగం అంతస్తు కిందికి వెళ్ళి ఆగింది. గీత కూడా పడలేదు. కిందికి దిగాక, మోటారు గదిలో మేకుకి వేలాడుతున్న, మరమ్మతులు రాసే లాగ్‌బుక్కు తెరిచి చూశాడు. ఎనిమిది నెలలుగా అందులో ఒక్క అక్షరం లేదు. ఆ రోజు నుంచి అతను ఏం చేసినా రాస్తాడు. ఏం చేయలేదో కూడా రాస్తాడు. "ఎడమ రోలరు అరిగింది. మార్చలేదు. సామాను రాలేదు."

"ఇది లాగ్‌బుక్కా, మీ ఆత్మకథా?" అని మేనేజరు విసుక్కున్నాడు ఒకసారి. అది కూడా రాశాడని అంటారు. నిజం తెలియదు.

భార్య నర్సు. కొండ మీది ఆసుపత్రిలో ఉదయం ఆరింటికి డ్యూటీ. ఆ వేళకి బస్సు లేదు. ఇరవై ఆరు కిలోమీటర్ల దారి, పద్దెనిమిది మలుపులు. రోజూ తెల్లవారుజామున ఆమెను కారులో పైకి తీసుకెళ్ళి దింపి, కిందికి వచ్చి తన పనికి వెళ్తాడు. సాయంత్రం ఆసుపత్రి వ్యాను ఆమెను దింపుతుంది. కారు కొని రెండేళ్ళు దాటింది. వారంటీ మూడేళ్ళు.

ఒక ఉదయం రాళ్ళ లారీ వెనక పడ్డారు. అది మనిషి నడిచినట్టు ఎక్కుతోంది. అయిదూ నలభై అయింది. రోడ్డు కొంచెం తిన్నగా కనబడిన చోట అతను పక్కకు తీసి ఆక్సిలరేటరు నొక్కాడు. కారు అందుకోలేదు. నిండా నొక్కాడు. ఇంజిను అరిచింది గాని బండి లారీ నడుము దాటలేదు. మలుపులోంచి పాలవ్యాను వచ్చింది. దాని డ్రైవరు బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. రెండు బండ్ల మధ్య జానెడు సందు.

భార్య టిఫిను డబ్బా ఒళ్ళోంచి జారి కింద పడింది. ఆమె వంగి తీసుకోలేదు. ఆసుపత్రి గేటు దగ్గర దిగుతూ "వెళ్ళొస్తా" అంది, రోజూ అన్నట్టే. తిరుగుదారిలో అతను రెండుచోట్ల కారు ఆపి కూర్చోవలసి వచ్చింది.

ఆ ఆదివారం బావమరిది షాపుకి వెళ్ళాడు. బావమరిదిని అందరూ రాకెట్ అంటారు. కార్లకు వేగం పెంచే పని అతనిది. షాపులో రెండు కార్లు పడతాయి, మూడోది ఎప్పుడూ రోడ్డు మీద ఉంటుంది.

"నీ బండిలో బలం లేక కాదు బావా. ఇంజిను కంప్యూటరుందే, దానికి కంపెనీవాడు ఇంత చాలని చెప్పి పెట్టాడు. నేను ఇంకాస్త తినమని చెప్తా. గాలి ఫిల్టరు మారుస్తా, పొగ గొట్టం వెడల్పుది వేస్తా. లేస్తుంది చూడు."

"ఆగుతుందా?"

"మా అక్క నిన్నెలా భరిస్తోందో గాని..."

"ఒరేయ్, వారంటీ ఉంది. పుస్తకం చదివాను. మార్పుల వల్ల చెడిపోతే మాకు సంబంధం లేదని రాశారు."

"పాత ప్రోగ్రాము నా దగ్గర దాస్తా. పాత ఫిల్టరు, గొట్టం అట్టపెట్టెలో పెట్టి నీకే ఇస్తా. సర్వీసుకి వెళ్ళే ముందు రోజు నా దగ్గరికి రా. గంటలో బండిని పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చేసేస్తా. కంపెనీవాడి తాతకి కూడా తెలీదు."

"అక్కకి చెప్పకు."

"నువ్వు చెప్పకుండా ఉంటే చాలు."

వేగం మీద మోజు పడి చేయించిన పని కాదు. భయం తగ్గుతుందని చేయించాడు. కారు లేచింది, నిజమే. లారీని ఒక్క ఊపిరిలో దాటేది. కాని భయం పోలేదు. కొండ దిగి ఇంట్లోకి వచ్చింది. అటక మీద అట్టపెట్టె ఉందని పడుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది. పెట్రోలు బంకులో కారు కంపెనీ చొక్కా వేసుకున్న మనిషి కనబడితే ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

నాలుగో నెలలో రెండో గేరులో సన్నగా కూత మొదలైంది. పది రోజులకి, గేరు మారినప్పుడల్లా కారు ఒక్క కుదుపు కుదిపేది. ఎవరో వేరే మనిషిలా సర్వీసు సెంటరుకి ఫోను చేసి, వారంటీ లేకపోతే కొత్త గేరుబాక్సు ఎంతవుతుందని అడిగాడు. చెప్పారు. అతని అయిదు నెలల జీతం. వారంటీ దక్కకపోతే కారు ఇంటి ముందు కూర్చుంటుంది. భార్య ఉద్యోగం మానుకోవాలి, లేదా కొండ మీదే గది తీసుకోవాలి.

"రా బావా" అన్నాడు రాకెట్. ఆదివారం పాతవన్నీ తిరిగి ఎక్కించాడు. పాత ఫిల్టరు మీద కాస్త దుమ్ము కూడా చల్లాడు. "మేకప్పు" అన్నాడు.

సోమవారం ఉదయం, రెండు రోజులు కింద పుట్టింట్లో ఉన్న తోటి నర్సు స్కూటరు మీద భార్య డ్యూటీకి వెళ్ళింది. అతను కారును సర్వీసు సెంటరులో అప్పగించాడు. కౌంటరులో ఉన్నావిడ కాగితం ముందుకు జరిపింది.

"ఇక్కడ సంతకం సార్. అంతా మామూలే."

నాలుగు వాక్యాలు. మూడోది: ఈ వాహనంలో కంపెనీ అమర్చినవి తప్ప వేరే మార్పులేవీ చేయలేదు.

"ఏమైనా మార్పించారా సార్?"

"లేదు."

గొంతు తనదే. అతను సంతకం చేశాడు. పెన్ను తిరిగి ఇవ్వడం మరిచిపోయి జేబులో పెట్టుకుంటే ఆవిడ నవ్వి అడిగి తీసుకుంది.

"రేపు తొమ్మిదింటికి ఇంజనీరు మేడం వచ్చి చూసి వారంటీ సంగతి తేలుస్తారు."

మధ్యాహ్నం మూడింటికి ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు పెట్టె మీద ఉన్నాడు. తాళ్ళకు నూనె పట్టించడం అయింది. రాయడానికి మోటారు గదికి వెళ్ళి లాగ్‌బుక్కు తెరిచాడు. తేదీ వేశాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కారుకి కూడా లాగ్‌బుక్కు ఉంది. నీలం అట్ట పుస్తకం. డ్యాష్‌బోర్డు అరలో, ఇన్సూరెన్సు కాగితాల కింద. కొన్న రోజు నుంచి రాస్తున్నాడు. టైర్లలో గాలి, మార్చిన బల్బు. ఆ ఆదివారం తేదీ, కిలోమీటర్లు: "ఇంజిను ప్రోగ్రాము మార్పించాను. ఫిల్టరు, పొగ గొట్టం కొత్తవి. లాగుడు పెరిగింది." నిన్నటి తేదీ: "పాతవి తిరిగి పెట్టించాను. వారంటీ కోసం."

వారంటీ కోసం. అది కూడా రాశాడు.

రాకెట్‌కి ఫోను చేసి పుస్తకం సంగతి చెప్పాడు.

"బావా. దొంగతనం చేసి డైరీ రాసుకునేవాణ్ణి నిన్నే చూశాను."

"ఏం చేయమంటావు?"

"పరిగెత్తు. కళ్ళజోడు మరిచిపోయానని చెప్పు. పుస్తకం తీసుకో. అందులో నా పేరుందా?"

"నీ పేరు, షాపు ఫోను నంబరు."

"నా పెళ్ళిరోజు కూడా రాయకపోయావా!"

అయిదింటికి అక్కడికి చేరాడు. వర్క్‌షాపు చివరి గదిలో అతని కారు రెండు ఇనుప స్తంభాల మధ్య గాలిలో ఉంది. అక్కడ కూడా దాన్ని లిఫ్టనే అంటారు. కింద ఒక లావుపాటి మెకానిక్కు, యాభై ఏళ్ళుంటాయి, చేతులు పైకి చాచి గేరుబాక్సు బోల్టులు విప్పుతున్నాడు. డ్యాష్‌బోర్డు అర పైన ఎక్కడో ఉంది. చేయి అందదు.

"కళ్ళజోడు..." అని మొదలుపెట్టాడు.

అప్పుడు కళ్ళు వాటంతట అవే స్తంభాల వైపు వెళ్ళాయి. కుడి స్తంభంలో, బండి జారకుండా ఆపే కొక్కెం పంటిలో పడి ఉంది. ఎడమ స్తంభంలో కొక్కేన్ని వెనక్కి లాగి తీగతో కట్టేశారు. ఆ వైపు కారును పట్టుకుని ఉన్నది నూనె గొట్టంలోని ఒత్తిడి ఒక్కటే. గొట్టం మొదట్లో చెమట పట్టినట్టు నూనె మెరుస్తోంది.

పుస్తకం మరిచిపోయాడు.

"బయటికి రండి."

"ఏంటి సార్?"

"ముందు బయటికి రండి. తర్వాత చెప్తా. పైకి చూడకండి, రండి."

ఆ గొంతు విని మెకానిక్కు వచ్చేశాడు. విషయం తెలిశాక నవ్వాడు. "ఆ కొక్కెం పట్టుకుంటే దించడం ఆలస్యమవుతుంది సార్. ఏడాదిగా అలాగే ఉంది. ఏం కాలేదు."

"రోజూ చూసే మనిషి లేడా?"

"ఎందుకు లేడు? నేనే." మెకానిక్కు గోడ మీది అట్టను చూపించాడు. నెలలోని తేదీలన్నీ గళ్ళు. "లాకులు సరిగా ఉన్నాయి" అన్న వరసలో ఇప్పటిదాకా ప్రతి గడికీ టిక్కు, పక్కన పొట్టి సంతకం. ఇవాళ్టి గడిలో ఉంది. రేపటి గడిలో కూడా ఉంది.

"రేపటిది కూడానా?"

"సోమవారం కూర్చుని వారానిదంతా పెట్టేస్తా. పొద్దున్నే ఎవడు చూస్తాడు సార్?"

అతనికి కోపం వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచాడు. కౌంటరులో పొద్దున తను చేసిన సంతకం గుర్తొచ్చింది. తీగ కోయడానికి కటింగ్ ప్లేయరు అడిగాడు.

ఇద్దరూ కలిసి తీగ కోశారు. కారును మెల్లగా నేలకి దించారు. మెకానిక్కు చేతులు తుడుచుకోవడానికి వెళ్ళినప్పుడు అతను తలుపు తీసి, నీలం పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఎవరూ చూడలేదు. ఎవరూ దాన్ని తెరవలేదు కూడా. కాగితాల పొందిక అలాగే ఉంది. ఇక సాక్ష్యం లేదు. ఇంటికి నడుస్తుంటే పుస్తకం అంచు పొట్టకు గుచ్చుకుంటూ వచ్చింది. భయం తగ్గలేదు.

భార్య యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. పుస్తకం ఆమె ముందు పెట్టాడు. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి రెండు పేజీలు చదివింది.

"అందుకా" అంది.

"ఏమిటి అందుకా?"

"మీరు ఎప్పుడూ లారీ వెనకాలే ఉండిపోయేవారు. ఆలస్యమవుతోందని నేనే గొణిగేదాన్ని. ఈ నాలుగు నెలలుగా దొరికిన సందులోకల్లా దూరుతున్నారు. నేను కళ్ళు మూసుకునే కూర్చుంటున్నా."

"నిద్రపోతున్నావనుకున్నాను."

"ఆ మలుపుల్లో నిద్రెలా పడుతుందండీ?"

అతను గోడకు ఆనుకున్నాడు. సర్వీసు సెంటరులో చూసింది చెప్పాడు. తీగ, టిక్కులు, రేపటి గడి. చెప్పి, "నేను కూడా అలాంటి కాగితం మీదే సంతకం పెట్టొచ్చాను. నిజం చెబితే బండి మనకి దక్కదేమో" అన్నాడు.

"దక్కకపోతే పైన గది చూసుకుంటా. వారానికోసారి వస్తా." మామూలుగానే అంది. కాని ఇస్త్రీ అయిపోయిన చొక్కానే మళ్ళీ పరిచి ఇస్త్రీ చేసింది. "చెప్పమని నేను అనను. వద్దనీ అనను. నాకూ భయంగానే ఉంది."

మర్నాడు ఎనిమిదిన్నరకే అతను సర్వీసు సెంటరు ముందు ఉన్నాడు. తొమ్మిదింటికి ఇంజనీరు వచ్చింది. అతను కౌంటరులో నిన్నటి కాగితం అడిగి తీసుకున్నాడు. మూడో వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. కింద తేదీ వేసి, కిలోమీటర్లు వేసి, ఏ మార్పులు ఎప్పుడు చేయించాడో, ఎప్పుడు తీయించాడో మూడు వరసల్లో రాశాడు. సంతకం చేశాడు. నీలం పుస్తకం దాని మీద పెట్టి ఇంజనీరు ముందుకు జరిపాడు.

ఆవిడ కాగితం చదివింది. తల ఎత్తి అతన్ని చూసింది.

"ఇంజినుకి ఇక వారంటీ ఉండదండీ. ఈ రోజుతో సరి. గేరుబాక్సు సంగతి లోపల చూస్తే గాని చెప్పలేను. మీ ప్రోగ్రాము వల్ల అరిగిందని తేలితే అదీ రాదు."

"చూడండి" అన్నాడు.

"కూర్చోండి. గంట పడుతుంది."

ఆవిడ పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. అతను కూర్చోలేదు.