పరుగు మానేసిన పేరమ్మ

2022, ఎండలు ముదిరి వానల కోసం ఊరంతా ఎదురుచూస్తున్న రోజులు. యాంగోన్‌లో కరెంటు వంతులవారీగా ఇస్తున్నారు. సంచౌంగ్ మార్కెట్ వెనక సందులో నాది పశువుల క్లినిక్. పశువులు అన్నానే గానీ వచ్చేవన్నీ కుక్కలూ పిల్లులే. మా తాత సేక్కాన్ రేవులో మూటలు మోశాడు, నాన్న అదే రేవులో క్రేన్ నడిపాడు, నేను కుక్కలకు సూదులు వేస్తున్నాను. ఈ పనికి ఓపిక ముఖ్యం అంటారు. నాకది తక్కువే. ఉన్నదాంతోనే నెట్టుకొస్తున్నాను.

ఆ పొద్దున ఒకావిడ సైకిల్ రిక్షా దిగి, తనంత పొడుగున్న బూడిదరంగు కుక్కను రెండు చేతుల మీదా మోసుకుంటూ లోపలికొచ్చింది. పేరు సూరమ్మ. యాభై దాటిన మనిషి, చిమిండైంగ్ నుంచి వచ్చింది. నన్ను చూసి, గోడమీద మా అమ్మ తగిలించిన సింహాచలం దేవుడి పటం చూసి, బర్మీ మానేసి తెలుగులోకి దిగిపోయింది.

"పొద్దున్నుంచీ కక్కుతంది సయామా. నిలబడనేకపోతంది. ఏటైనాదో నాకు తెల్దు." సయామా అంటే ఇక్కడ టీచరమ్మ, డాక్టరమ్మ కూడా.

కుక్కను బల్లమీద పడుకోబెట్టాం. వీపు విల్లులా వంచేసుకుంది, పొట్ట ముట్టుకుంటే వణికిపోతోంది, అయినా కుయ్‌మనలేదు. చెవి తిప్పి చూస్తే లోపల పచ్చబొట్టు అంకెలు. పుస్తకాల్లో చదవడమే తప్ప ఈ ఊళ్లో నేను చూసిన మొదటి పందెం కుక్క అదే. గ్రేహౌండ్ జాతిది.

కథ సూరమ్మే చెప్పింది. ఆమె ఒక విదేశీ దొరసాని ఇంట్లో వంటచేసేది. పందేలకు పనికిరాదని తీసేసిన ఈ కుక్కను దొరసాని తన దేశంలో పెంపకానికి తెచ్చుకుని, ఉద్యోగం మీద వచ్చినప్పుడు ఇక్కడికీ తెచ్చింది. అంతకుముందు ఏడాది ఇక్కడి పరిస్థితులు తారుమారై ఆమె ఉన్నపళంగా వెళ్లిపోవలసి వచ్చింది. విమానంలో మనుషులకే చోటు లేదు. కుక్క సూరమ్మకు మిగిలింది. దొరసాని పెర్ల్ అని పిలిచేదట. సూరమ్మ నోట్లో అది పేరమ్మ అయి కూర్చుంది.

రక్తం పరీక్ష చేయిస్తే పాంక్రియాటైటిస్ అని తేలింది. కొవ్వు అరిగించే రసాలు తయారుచేసే గ్రంథి వాచిపోవడం. కొవ్వు తిండి ఎక్కువైతే చాలా కుక్కలకు వచ్చేదే, ముదిరితే ప్రాణం తీస్తుంది. డ్రిప్ పెట్టి, నొప్పికి మందిచ్చి, ఏం పెడుతున్నావని అడిగాను.

"గంజన్నం, ఉడకబెట్టిన కోడి. నూనె సుక్క ముట్టించను. దేవుడి మీద ఒట్టు."

నేను నమ్మాను. కానీ ఆ కుక్క కక్కిన దాంట్లో ఉన్నది గంజన్నం కాదు. పంది కొవ్వు, టీ దుకాణాల్లో అమ్మే ఈచాక్వే ముక్కలు, అంటే నూనెలో వేగిన పొడుగు పిండి కాడలు. కక్కు పట్టిన గిన్నె చూసి సూరమ్మ మొహం నల్లబడింది. ఎవరి పనో ఆమెకు అర్థమైపోయింది.

ఇక్కడ మా ఊరి అలవాటొకటి చెప్పాలి. తెల్లారగానే భిక్షువుల పాత్రల్లో అన్నం వేసి, మిగిలింది వీధి కుక్కలకు పెడతారు. దాన్ని కుథో అంటారు. పుణ్యం. బక్క ప్రాణికి పెడితే ఆ పుణ్యం మరీ ఎక్కువని నమ్మకం. నేను ఎగతాళి చేయడం లేదు. ఈ ఊళ్లో ఇన్ని వేల కుక్కలు బతుకుతున్నాయంటే ఆ చేతుల చలవే. కానీ గ్రేహౌండ్ పుట్టుకే బక్కది. ఒంట్లో కొవ్వుండదు, తోలు పలచన, చివరి పక్కటెముకలు పైకి కనిపించాలి. కనిపించకపోతేనే నాకు దిగులు. అలాంటిది గుమ్మం ముందు పడుకుంటే దయగల మనిషి చేయి ఊరుకుంటుందా?

సూరమ్మ ఎదురింట్లో దా మ్యా ఉండేది. దా అంటే పెద్దావిడ అని గౌరవం. మంచి మనిషి, అందులో సందేహం లేదు. సూరమ్మ స్నానానికి వెళ్లిన ప్రతిసారీ పేరమ్మ ముందు ఒక ఆకు పెట్టి వచ్చేదట. పెట్టొద్దని సూరమ్మ చెప్పింది. దా మ్యా తలూపింది. మర్నాడు మళ్లీ పెట్టింది. సందులో మాట ఒకటి పుట్టింది: కలావాళ్లు కుక్కకు తిండి పెట్టరు, పెట్టేవాళ్లనీ పెట్టనివ్వరు. కలా అని మా భారతీయుల్ని అంటారు. ఆ మాట వినడానికి మాకు అలవాటైపోయింది గానీ ఇష్టం కాలేదు.

సూరమ్మ ఆ కుక్కను ఎలా చూసుకునేదో నేను ఇంటికెళ్లి చూశాను. ఎముకలకు నేల ఒరుసుకుంటుందని పాత లోంజీలు, అంటే ఇక్కడి లుంగీలు, కుట్టి లోపల బూరుగు దూది నింపింది. కరెంటు పోతే తడిగుడ్డ పొట్టకింద పరిచి విసనకర్రతో విసిరేది. వచ్చిన కొత్తలో పేరమ్మకు మెట్లెక్కడం రాదు. పుట్టిన దగ్గర్నుంచీ కెనెల్‌లో పెరిగింది, అంటే వరసగా కట్టిన బోనుల్లో. మెట్లు ఎప్పుడు చూసింది గనక? సూరమ్మే ఒక్కో కాలూ ఎత్తి ఒక్కో మెట్టుమీద పెట్టి నేర్పింది.

పదిహేను రోజులు తిరక్కుండా మళ్లీ అదే జబ్బుతో వచ్చారు. ఈసారి చాలా కష్టమైంది. రెండు రోజులు పేరమ్మ మాకు దక్కుతుందన్న ఆశ నాకు లేదు. కోలుకున్నాక సూరమ్మకు ఖచ్చితంగా చెప్పాను: మూడోసారి నేను కాపాడలేను. మజిల్ ఇచ్చాను. మూతికి తొడిగే జాలీ బుట్ట, ఊపిరి ఆడుతుంది, నీళ్లు తాగొచ్చు, నేలమీది తిండి అందదు. వేరే కుక్కలైతే పీక్కోవడానికి నానా గొడవా చేస్తాయి. పేరమ్మ తనే మూతి ముందుకు చాచి పెట్టించుకుంది. పందేల్లో అది రోజూ తొడిగేదే కదా.

జబ్బు ఆగింది. గొడవ పెరిగింది. అంతవరకూ తిండి పెట్టడం లేదనేవాళ్లు, ఇప్పుడు నోరు కూడా కట్టేసిందన్నారు. ఒక మధ్యాహ్నం సూరమ్మ ఫోన్ చేసింది.

"సయామా, రేపు పొద్దున్న సందులో పెద్దలొస్తారంట. పేరమ్మని ఊరవతల మటానికి తోలీస్తారంట. అక్కడ కుక్కలు గుంపులు గుంపులుగా ఉంటాయి, అందరూ ఏదో ఒకటి పెడతారు. నా పిల్ల వారం బతకదు. మీరొకసారి వొచ్చి సెప్పండి. నాను సెప్తే ఇనరు."

మర్నాడు పొద్దున్నే క్లినిక్ తెరవకుండా వెళ్లాను.

సందు మొదట్లోనే జనం. వాళ్లకు పెద్ద ఊ సాన్. దా లాగే, ఊ అనేది మగవాళ్లకు గౌరవం. రిటైరైన బడి మేష్టారు, సందు దానధర్మాల సంఘం ఆయన చేతిమీదుగా నడుస్తుంది. మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు. నేను చెప్పవలసిందంతా బర్మీలో చెప్పాను: ఈ జాతి ఇంతే ఉంటుంది, దీని బరువు సరిగ్గా ఉంది, రెండుసార్లు చావు దాకా వెళ్లింది ఆకలితో కాదు, మీరు పెట్టిన కొవ్వుతో. దా మ్యా ఆ మాటకు ఉలిక్కిపడి చేత్తో నోరు మూసుకుంది. మిగతావాళ్లు తలలూపారు. ఊపి, మళ్లీ పేరమ్మ పక్కటెముకల వైపే చూశారు. కళ్లకు కనిపించే ఎముకల ముందు నా చదువు ఏ మూలకు?

"సయామా చెప్పింది నిజమే కావచ్చు," అన్నాడు ఊ సాన్. "కానీ జంతువుకి కూడా మనసుంటుంది. అదేమంటుందో చూద్దాం." అంటూ గుమ్మానికి కట్టిన తాడు విప్పి, మెల్లిగా రెండడుగులు వేశాడు.

పేరమ్మ లేచి ఆయన వెంట వెళ్లిపోయింది. వెనక్కి కూడా చూడలేదు.

జనంలో గుసగుస. "చూశారా, దానికీ ఇక్కడ ఉండాలని లేదు," అన్నారు ఎవరో. ఎందుకు వెళ్లిందో నాకు తెలుసు, చెప్పడానికి నోరు తెరిచాను. సూరమ్మ నాకంటే ముందే గుమ్మం దిగి ఊ సాన్‌కు అడ్డంగా నిలబడింది. ఆమె అన్నది బర్మీలోనే, తెలుగులో రాస్తున్నాను.

"అది తాడు ఎవులు పట్టుకుంటే ఆళ్ల ఎనకాల ఎల్తాది. సిన్నప్పట్నుంచీ దానికి అదే నేర్పారు. బోనులోంచి తీసి ఎవులు లాగితే ఆళ్లతో ఎల్లడం, పరిగెత్తమంటే పరిగెత్తడం. అది మీ మీద పేమ కాదు అయ్యగారూ. అందుకే ఆ తాడు నాను ఎవులి సేతికీ ఇవ్వను."

ఊ సాన్ తాడు వదల్లేదు. కానీ ఆయనకూ ఇబ్బందిగానే ఉన్నట్టుంది. రాజీ మాట ఒకటి తెచ్చాడు. "పరిగెత్తే కుక్క అంటున్నారు. స్కూలు మైదానం ఖాళీగా ఉంది, చుట్టూ గోడ ఉంది. అక్కడ ఒక్కసారి పరిగెత్తించండి. ఒంట్లో బలముందని అందరం కళ్లారా చూస్తాం. ఇక ఈ ఇంటి గడప ఎవరూ తొక్కరు. మాట ఇస్తున్నాను."

నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. పేరమ్మ కోలుకుని నెల దాటింది. ఒక్క చుట్టు పరిగెత్తితే ఏమీ కాదు, చూసినవాడు జన్మలో బక్కకుక్క అనడు. సరే అనమని సూరమ్మకు కళ్లతో సైగ కూడా చేశాను.

"పరిగెత్తదు," అంది సూరమ్మ.

"పరిగెత్తలేదా?" అన్నాడాయన.

"పరిగెత్తనివ్వను. దీన్ని పరిగెత్తించి ఎంతమంది సూశారో, ఎంతమంది సప్పట్లు కొట్టారో నాకు తెల్దు. కాలు నొప్పెట్టి ఎనకబడ్డ రోజున తీసి అవతల పారీసారు. ఆ పని అయిపోనాది. మీరు నమ్మాలని ఇది మళ్లీ పరిగెత్తాలేటి? నమ్మకపోతే మానీండి. తీసుకెల్లాలనుంటే నన్ను కూడా ఇదే తాడుతో కట్టి తీసుకెల్లండి."

అని చేయి చాచింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. తాడు కోసం చాచిన ఆ చేయి అలాగే ఉంది. పేరమ్మ ఇద్దరి మధ్యా నిలబడి, అలిసిపోయి కాబోలు, సూరమ్మ తొడకు ఒళ్లంతా ఆనించి వాలిపోయింది. ఈ జాతికి నిలబడి వాలడం అలవాటే. అదేదో తీర్పు ఇచ్చిందని నేను అనను.

నాకు ఒళ్లు మండింది. మొదట నామీద, తరవాత అందరిమీద. లేచి సూరమ్మ పక్కన నిలబడ్డాను. "నేను డాక్టర్‌ని. దీని ఆరోగ్యం బాగుందని నేను చెబుతున్నాను. చాలకపోతే మీ ఇష్టం. దీన్ని ఇక్కడినుంచి కదిపితే చచ్చిపోతుంది, ఆ పాపం మాత్రం పేరుపేరునా మీ అందరిదీ." మర్యాదగా మాట్లాడలేదని తరవాత మా అమ్మ చీవాట్లు పెట్టింది. పెట్టనీ.

చివరికి ఊ సాన్ తాడు సూరమ్మ చేతిలో పెట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు. ఆయన ఒప్పుకున్నాడని కాదు. ఆ తరవాత కూడా నన్ను దారిలో చూస్తే తల తిప్పుకునేవాడు. కానీ మఠం మాట మళ్లీ ఎత్తలేదు. దా మ్యా మాత్రం వారం తరవాత గుమ్మం దగ్గరికొచ్చి, "నేను చంపబోయానా దాన్ని?" అని అడిగిందట. "ఆఁ," అందట సూరమ్మ. దాచలేదు. తరవాత లోపలికి పిలిచి, గంజన్నం గిన్నె ఆమె చేతికిచ్చి పెట్టమంది. ఇప్పటికీ పొద్దుటి పూట దా మ్యాదే.

ఇన్నేళ్ల పనిలో జబ్బులు చాలా నేర్చుకున్నాను. ఈ కేసు నేర్పింది జబ్బు గురించి కాదు. దయ తలిచేవాళ్లను కూడా ఎదిరించాల్సి వస్తుంది, అది కోపిష్టివాళ్లను ఎదిరించడం కన్నా కష్టం. ఇంకొకటి: ఒక ప్రాణి బతకడానికి అర్హమైనదని ఎవరి ముందూ ఆటాడి చూపించక్కర్లేదు. కుంటిదో గుడ్డిదో కుక్కను తెచ్చి, "ఇంకా ఏమైనా చేయగలదా సయామా?" అని అడిగేవాళ్లకు నేనిప్పుడు జవాబు చెప్పను. తింటోందా, నిద్రపోతోందా, మీరంటే ఇష్టమేనా అని ఎదురడుగుతాను.

వానలు పడ్డాక ఒకరోజు సూరమ్మ ఫోన్ చేసింది. వెనక పెరట్లో బట్టలు తీస్తుంటే పేరమ్మ ఉన్నట్టుండి లేచి, తనంతట తనే పెరడు చుట్టూ గిర్రుమని పరిగెత్తిందట. బురదంతా ఎగిరి బట్టలమీద పడిందట. ఆగిపోయి, రొప్పుతూ, మళ్లీ పరుపెక్కి పడుకుందట. చెబుతూ చెబుతూ నవ్వేస్తోంది.

నేనూ ఆగలేకపోయాను. "వీడియో తీశావా సూరమ్మా?"

"నానెందుకు తీత్తాను సయామా?" అంది. "ఎవులికి సూపించాలని?"