లోడు కుదురుకునేదాకా

మా ఆయన డీజిల్ ట్యాంకరు నడుపుతాడు. డిపోలో ఏ ఊరికి పొమ్మంటే ఆ ఊరి బంకుకు లోడు తీసుకెళ్లాలి. ట్రాక్టర్లు, ఆటోలు, బస్సులు, ఆసుపత్రి బండ్లు అన్నీ ఆయన మోసుకొచ్చిన దానిమీదే కదులుతాయి. మా ఇంటికి మాత్రం ఎప్పుడో నెలకోసారి వస్తే గొప్ప.

ఎద్దులున్న రోజుల్లో సేద్యం నలుగురితో సాగేది. దున్నడానికి వచ్చినవాళ్లు మధ్యాహ్నం మా చేనులోనే సద్ది విప్పేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టరు వస్తుంది, ఎర్రనేలంతా గిరగిరా దున్నేసి, నేను టీ కాచేలోగా వెళ్లిపోతుంది. పని తొందరగా తెమిలిందని అందరికీ సంబరమే. మిగిలిన పొద్దంతా ఒంటరి మనిషి ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పరు. నేను వేరుశనగ చెట్లతో మాట్లాడడం మొదలుపెట్టాను. ఊళ్లోవాళ్లు నవ్వితే నవ్వారు, నాకేం.

"బండి ఇడిసిపెట్టి వచ్చెయ్యప్పా" అని ఫోన్లో పోరేదాన్ని.

"ఈ పంట చేతికి రానీమ్మే. వచ్చి నీతోపాటే సేద్యం చేసుకుంటా" అనేవాడు.

అందుకే ఆ ఏడు పంటను కంటికి రెప్పలా చూసుకున్నాను. నాకు కావలసింది కాయలు కాదు, మనిషి.

సరిగ్గా కాయ కట్టే ఊడలు మన్నులోకి దిగేవేళ వాన మొహం చాటేసింది. మా బోరు ఎప్పుడో ఎండింది. చేను మూలనున్న కుంటలో మాత్రం కాసిన్ని నీళ్లున్నాయి. ఒక్క తడి ఇస్తే చెట్లు బతుకుతాయి. తడి ఇవ్వాలంటే ఇంజను ఆడాలి, ఇంజను ఆడాలంటే డీజిల్ కావాలి. పక్క గుట్టమీద గాలిమరలు తీరిగ్గా తిరుగుతున్నాయి. మా ఊళ్లో వాటిని ఫ్యాన్లంటారు. ఫ్యానంటే గాలి కొట్టేదే కదా, మబ్బుల్ని తరిమేస్తున్నది ఆ ఫ్యాన్లేనని పెద్దవాళ్లు తిట్టిపోస్తారు. గాలికే అవి తిరుగుతాయని చెబితే ఒప్పుకోరు. ఆ వారం నేనూ తిట్టాను. నాలుగు అక్షరాలు చదువుకున్నదాన్నే, అయినా కోపానికి చదువుతో పనేముంది.

క్యాను, సద్దిమూట పట్టుకుని ఆటో ఎక్కి ఉరవకొండ వెళ్లాను. బంకులో స్టాకు లేదు. లోడు దారిలో ఉందన్నారు. నాలాగే క్యాన్లు పట్టుకొచ్చిన రైతులు నీడ చూసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక ట్యాంకరు వచ్చింది. అందరూ ఒక్కసారిగా లేచారు. తలుపు తీసుకుని కిందికి దిగింది మా ఆయన.

"ఏమ్మే, నువ్వు ఈడుండావేంటికి?" అన్నాడు బిత్తరపోయి.

"డీజిలుకొచ్చినా. ఈ పక్కకు వస్తాండానని ఒక్క మాట చెప్పకూడదా?"

"పొద్దున డిపోలో చెప్పినారు. ఫోను లోపలికి రానీరు గదా."

ట్యాంకరు రాగానే లోడు దించరు. దారి కుదుపులకు అల్లాడిన నూనె లోపల కుదురుకోవాలి. ఆ తర్వాతే కడ్డీ ముంచి కొలత చూస్తారు. అందాకా డ్రైవరు అక్కడే ఉండాలి. ఆ కాసేపే మా కాపురం. బంకు గోడ నీడన కూర్చుని రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి ఇద్దరం పంచుకున్నాం. పక్కన మనిషి నమిలే చప్పుడు వింటూ తిని ఎన్నాళ్లయిందో.

"చెట్లు ఎట్లుండాయి?" అన్నాడు.

"ఒక్క తడి పడితే నిలబడతాయి."

"నిలబెట్టు. ఈ పంట వస్తే వచ్చేస్తా."

"ఏమన్నా, లోడు కుదురుకున్యా, మీ మాటలింకా కుదురుకోలేదా?" అని ఒక రైతు కేకేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నూనె సాయంత్రం దాకా అల్లాడుతూనే ఉంటే బాగుండునని మనసులో ఉంది. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. లోడు దించి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. నా క్యాను నిండింది.

మరునాడు పైపులు నేనే మోసుకున్నాను. ఇంజను నేనే తిప్పాను. అది ఆడినంతసేపూ చేనులో ఎవరో ఉన్నట్టే ఉంది. ఆపినప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది. చెట్లు బతికాయి.

పంట పీకే ముందు ఆయన వచ్చాడు. చేనులోకి దిగి, ఒక చెట్టు పీకి మన్ను దులిపాడు. గుత్తులు గుత్తులుగా కాయలు. ఆయన మొహం వెలిగిపోయింది. ఇప్పుడు చెబుతాడు ఆ మాట అని ఆయన మొహంకేసే చూశాను.

"ఒక్కదానివే ఎంత బాగా చేసినావమ్మే!" అన్నాడు. "ఇంగ నేను వచ్చి చేసేదేముండాది?"

మెచ్చుకుంటూనే అన్నాడు, మనస్ఫూర్తిగా. పొద్దున్నే లోడుందని వెళ్లిపోయాడు. నేను చేను గట్టుమీద కూర్చుని, ఇంత బాగా ఎందుకు పండించానా అని ఏడ్చాను.