రెండు తెల్ల గుడ్డలు

దెయ్యమన్నా మహిమన్నా నాకు నవ్వొచ్చేది. అండమాన్‌లోని ఈ మాయాబందర్‌లోనే పుట్టి పెరిగాను. స్కూల్లో వంట చేస్తాను. ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి పోవడం తప్ప నాకింకో దారి తెలీదు. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, మనసులో పెట్టుకోలేకే రాస్తున్నాను.

మా ఆయనది చేపల వేట. పోయిన వానాకాలానికి ముందు లంగరు తాడు ఆయన కుడిచేతికి చుట్టుకుని లాగేసింది. ఎముక విరగలేదు కానీ వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. ఇక్కడి డాక్టరూ, పోర్ట్ బ్లెయిర్ డాక్టరూ ఒకే మాట చెప్పారు. నరం దెబ్బతింది, రావచ్చు, రాకపోవచ్చు, చూడాలి అన్నారు. గుప్పిట పడని చేత్తో వల లాగేదెలా? పడవ ఇసుకలో పడుంది. ఆయన రోజూ పొద్దున్నే వెళ్లి దాని పక్కన కాసేపు నిలబడి వచ్చేవాడు.

పక్కింటి కరుణమ్మ వదినవాళ్ల పెద్దలు కూడా మా పెద్దల్లాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. తర్వాత ఏసుని నమ్ముకున్నారు. ఆమె బైబిల్ తెచ్చి మా ఆయనకి చదివి వినిపించేది. పౌలు అనే భక్తుడి ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి రోగుల మీద వేస్తే, వాళ్లు బాగుపడ్డారట. నేను పొయ్యి దగ్గర కూర్చుని మూతి తిప్పుకునేదాన్ని. మా ఆయన మాత్రం రెప్ప వెయ్యకుండా వినేవాడు.

వదిన కూతురు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటుంది. వాళ్ల చర్చివాళ్లంతా ప్రార్థన చేసిన తెల్లటి చేతిగుడ్డ ఒకటి, అక్కడి ఫీనిక్స్ బే రేవులో ఓడెక్కే తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపింది. అదే రోజు మా అత్త, కొడుకు మళ్లీ వేటకి వెళ్లాలని గంగమ్మకి మొక్కుకుని, పడవ అణియానికి కట్టడానికి కొత్త గుడ్డ కావాలంది. అణియమంటే పడవ ముందు కొన. సరేనని బజారు నుంచి అలాంటిదే ఒక తెల్లగుడ్డ తెచ్చాను.

అలవాటు చూడండి. కొత్త గుడ్డ ఏదైనా నాలుగు మూలలా పసుపు పెట్టందే మా ఇంట్లో వాడం. రెండింటికీ పసుపు రాసి తీగ మీద పక్కపక్కనే ఆరేశాను. ప్రార్థన గుడ్డకి పసుపేమిటన్న ఆలోచనే రాలేదు నాకు. అత్త ఒకటి తీసుకుపోయి పడవకి కట్టింది. మిగిలినది నేను ఆయన మణికట్టుకి కట్టాను.

మర్నాడు పొద్దున ఆయన తీరం నుంచి వచ్చి కూర్చున్నాడు. టీ గ్లాసు ముందు పెట్టాను. కుడిచేత్తో తీసుకున్నాడు. సగం తాగేదాకా ఇద్దరం గమనించనే లేదు.

ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కరుణమ్మ వదిన పరుగున వచ్చి, మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పింది. ఆదివారం ఆయన ఆమె వెంట చర్చికి వెళ్లి, అందరి ముందూ సాక్ష్యం చెప్పి వచ్చాడు.

కొన్నాళ్లకి వదిన చేపల కోసం ఒడ్డుకి వచ్చి, మా పడవ దగ్గర ఆగిపోయి నన్ను కేకేసింది. తన కూతురు ప్రార్థన గుడ్డ అంచున తెల్లదారంతోనే చిన్న సిలువ కుట్టిందట. అది తెలిసినవాళ్లకి తప్ప కనపడదు. ఆ సిలువ అణియానికి కట్టిన గుడ్డ మీద ఉంది. గబగబా ఇంటికొచ్చి ఆయన మణికట్టుకున్నది విప్పి చూశాం. పసుపు తప్ప ఏమీ లేదు.

నాకు నవ్వాగలేదు. "సూసేవా వదినా, మీ గుడ్డ పడవ మీదుంది. సెయ్యి దానంతటదే బాగైపోయింది" అన్నాను.

ఆయన నవ్వలేదు. చెయ్యి వంక చూసుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "అది కాదే. ఆ పొద్దున్న ఇసకలో కాలు జారింది. పడిపోకుండా అణియం మీది గుడ్డ పట్టుకున్నాను. ముడుసుకోని ఏళ్లతో ఎలా పట్టుకున్నానో... నాకిప్పుడే తడతంది."



డాక్టరుకి చెబితే, నరం ఒక్కోసారి అలాగే తిరిగొస్తుంది, హో జాతా హై అన్నాడు. గుడ్డ ఎక్కడుందో ప్రభువుకి తెలీదా అంది వదిన. పసుపు పెట్టిన గుడ్డ, గంగమ్మ కూర్చునే అణియం, ఇంకేటి కావాలంది అత్త. ఎవరి మాట వాళ్లకి పక్కా. మధ్యలో నేనే పిచ్చిదాన్నయ్యాను. వదిన చదివే కథల్లో ఏసు, బాగుపడినవాళ్లతో నీ నమ్మకమే నిన్ను బాగుచేసిందంటాడు. మా ఆయన నమ్మింది మణికట్టుకున్న గుడ్డని. పట్టుకున్నది ఇంకోటి. కాలు జారి పడిపోయేటప్పుడు మనిషి ఏం నమ్ముతాడు?

ఇప్పటికీ ఆయన వేట నుంచి రాగానే నేను చేపల బుట్టలోకి చూడను. గుప్పిట మూయమంటాను. మూస్తాడు. ఆ గుప్పిటని రెండు చేతులా పట్టుకుని, దండం ఎవరికి పెట్టాలో తెలీక కాసేపు అలాగే నిలబడతాను.